రాతకు ఆసరా: చూచిరాత నుంచి స్వీయరచన దాకా – ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• పాఠశాలలో రచనా బోధన ఎక్కడ కుంటుపడుతున్నదో వివరించగలుగుతారు.
• ‘ఆసరా’ అన్న భావన ఎక్కడ పుట్టిందో, దాని హద్దులు ఏమిటో చెప్పగలుగుతారు.
• నమూనా వ్యాసాలు, వ్యాస చట్రాలు విద్యార్థికి ఎంతవరకు ఉపకరిస్తాయో అంచనా వేయగలుగుతారు.
• ఒక బోధనా విధానం పిల్లలను స్వతంత్ర రచన వైపు నడుపుతున్నదా, లేదా అన్నది మీరే నిర్ణయించగలుగుతారు.

1. ప్రస్తావన

పదేళ్ళు బడిలో చదివి, వందల పేజీలు రాసిన విద్యార్థి బ్యాంకులో ఒక దరఖాస్తు రాయవలసి వచ్చినప్పుడు పక్కవారి చేత రాయించుకోవడం మనం చూస్తూనే ఉంటాం. అదే విద్యార్థి పరీక్షలో ‘గ్రంథాలయాల ఆవశ్యకత’ మీద రెండు పేజీల వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకుని ఉండవచ్చు. ఈ రెండింటికీ పొంతన ఎందుకు లేదు? రాయడం వచ్చినట్టా, రానట్టా?

ఈ ప్రశ్నకు ‘పిల్లలకు శ్రద్ధ లేదు’ అనే సమాధానం సులభంగా దొరుకుతుంది కాని, అది సరైనది కాదు. వ్యాసాన్ని కంఠస్థం చేయడానికి తక్కువ శ్రద్ధ సరిపోదు. లోపం శ్రద్ధలో కాక, మనం నేర్పిన వరసలో ఉంది. ఇంట్లో చదువుకున్నవారున్న పిల్లలు ఈ లోపాన్ని ఎలాగో దాటిపోతారు. తమ కుటుంబంలో మొదటిసారి బడిమెట్లు ఎక్కిన పిల్లలకు బడి తప్ప మరో దిక్కు లేదు. తన సంగతి తాను రాసుకోలేనివాడు దరఖాస్తుకైనా, ఫిర్యాదుకైనా జీవితమంతా మరొకరి చేతిని ఆశ్రయించవలసిందే. కాబట్టి దీన్ని వ్యాస మార్కుల సమస్యగా మాత్రమే చూడకూడదు.

2. రెండు మెట్లు, మధ్యలో ఖాళీ

తెలుగు బోధనలో రాతకు సంబంధించి మూడు మాటలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి: చూచిరాత, ఉక్తలేఖనం, స్వీయరచన. ఎదుట ఉన్నదాన్ని చూసి రాయడం చూచిరాత. ఉపాధ్యాయుడు చెబుతుంటే విని రాయడం ఉక్తలేఖనం. తన ఆలోచనను తన మాటల్లో రాయడం స్వీయరచన.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించండి. మొదటి రెండింటిలో ఏం రాయాలో పిల్లవాడు నిర్ణయించడు. మాటలు, వాక్యాలు, వరస అన్నీ ఇతరులవే. అతని పని అక్షరాలను తప్పు లేకుండా దించడం. మూడోదానిలో అన్నీ అతనే నిర్ణయించాలి. ఏ విషయం చెప్పాలి, దేనితో మొదలుపెట్టాలి, ఏ మాట వాడాలి, ఎక్కడ ఆపాలి అన్న భారమంతా ఒక్కసారిగా అతని మీద పడుతుంది. పూర్తి పరాధీనతకూ పూర్తి స్వాతంత్ర్యానికీ మధ్య ఉండవలసిన దశకు మన బోధనా పరిభాషలో స్థిరపడిన పేరంటూ లేదు. పేరు లేని దశకు టైంటేబుల్‌లో పీరియడు కూడా దొరకదు.

ఆ ఖాళీని గైడు నింపింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం-2011 తరవాత వచ్చిన పాఠ్యపుస్తకాల్లో ‘స్వీయరచన’, ‘సృజనాత్మకత’ అనే శీర్షికల కింద ఆలోచించి సొంతంగా రాయవలసిన ప్రశ్నలు చేర్చారు. ఉద్దేశం మంచిది. బట్టీని తగ్గించాలన్న ఆశయం అందులో స్పష్టంగా ఉంది. అయితే సొంతంగా రాయమని అడగడం వేరు, సొంతంగా రాయడం నేర్పడం వేరు. నేర్పే దశ లేకుండా అడిగే దశ వచ్చేసరికి, స్వీయరచన ప్రశ్నలకు కూడా గైడులో జవాబులు అచ్చయ్యాయి. పిల్లలు వాటిని చూసి నోటు పుస్తకంలోకి ఎక్కించారు. చివరికి స్వీయరచన అన్న పేరుతో జరిగింది చూచిరాతే.

3. ‘ఆసరా’ అన్న భావన: మూలం, హద్దులు

ఈ ఖాళీని పూడ్చడానికి విద్యా మనోవిజ్ఞానం చూపిన మార్గం ఆసరా. రష్యన్ మనోవిజ్ఞానవేత్త లెవ్ వైగోట్‌స్కీ (1896–1934) పిల్లవాడు ఒంటరిగా చేయగలిగినదానికీ, తెలిసినవారి సాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న దూరాన్ని గుర్తించాడు. మన బి.ఇడి. పుస్తకాల్లో దీన్నే ‘సామీప్య వికాస మండలం’ అంటారు. ఈ రోజు సాయంతో చేసినది రేపు సాయం లేకుండా చేయగలుగుతాడన్నది ఇందులోని సారం.

ఆసరా అన్న ఉపమానం మాత్రం వైగోట్‌స్కీది కాదు. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ రాసిన పరిశోధనా పత్రంతో అది ప్రచారంలోకి వచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు నిలబడే పరంజాతో వారు బోధకుని సాయాన్ని పోల్చారు. ఆ సాయంలో ఆరు పనులను గుర్తించారు: పని మీద ఆసక్తి కలిగించడం, పనిని పిల్లవాడికి అందే ముక్కలుగా తగ్గించడం, దారి తప్పకుండా చూడడం, ముఖ్యమైనవాటిని ఎత్తిచూపడం, విసుగు చెందకుండా కాయడం, చేసి చూపడం.

ఇక్కడ విమర్శకులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ ప్రయోగం రచన మీద జరగలేదు. మూడు నుంచి అయిదేళ్ళ వయసు పిల్లలు 30 మంది చెక్కముక్కలతో పిరమిడ్ కట్టే పని అది. ఒక పిల్లవాడు, ఒక బోధకురాలు ఎదురెదురుగా కూర్చుని చేశారు. చెక్కముక్క సరిగా అమరిందో లేదో కంటికి కనిపిస్తుంది. వాక్యం సరిగా అమరిందో లేదో అంత తేలికగా కనిపించదు. పైగా పిరమిడ్‌కు ఒకే సరైన రూపం ఉంటుంది, వ్యాసానికి అలాంటిది లేదు. నలభైమంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి ఎదుటా కూర్చునే వీలు ఉపాధ్యాయునికి ఉండదు. అందువల్ల ఈ భావనను ఉన్నదున్నట్టు అరువు తెచ్చుకుంటే చాలదు. మన తరగతికి తగినట్టు మలచుకోవాలి.

అయినా ఈ ఉపమానంలో వదులుకోకూడని అంశం ఒకటి ఉంది. పరంజా తీసివేయడానికే కడతారు. పందిరికీ దీనికీ ఉన్న తేడా ఇదే. బీరపాదు పందిరి మీదే పెరిగి, పందిరి మీదే కాస్తుంది. పందిరి పడిపోతే పాదూ పడిపోతుంది. మన బడుల్లో పిల్లల రాతకు ఇచ్చే సాయంలో ఎక్కువ భాగం పందిరి వంటిదే. ఈ పాఠంలో మనం చేయబోయే విమర్శకు కొలమానం కూడా ఇదే: ఇచ్చిన సాయం ఎంత మంచిది అని మాత్రమే కాక, దాన్ని ఎప్పుడు, ఎలా తీసివేస్తారు అని అడగాలి.

4. నమూనా వ్యాసం, వ్యాస చట్రం: గుణదోషాలు

మనకు బాగా పరిచయమున్న సాయాలు రెండు. ఒకటి నమూనా వ్యాసం. రెండోది ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అనే చట్రం.

నమూనాను పూర్తిగా కాదనలేం. మంచి వ్యాసం ఎలా ఉంటుందో చూడని పిల్లవాడు మంచి వ్యాసం రాయలేడు. కాని నమూనా పూర్తయిన వస్తువు. అది ఎలా తయారైందో అందులో కనిపించదు. రచయిత ఎక్కడ ఆగాడో, ఏ వాక్యం కొట్టేశాడో, ఏ సంగతి వదిలేశాడో నమూనా చెప్పదు. వండిన కూర రుచి చూపించినంత మాత్రాన వంట వచ్చేయదు కదా.

పరిశోధనలు కూడా ఈ తేడాను సూచిస్తున్నాయి. 2007లో స్టీవ్ గ్రాహం, డొలొరెస్ పెరిన్ న్యూయార్క్ కార్నెగీ కార్పొరేషన్ కోసం తయారుచేసిన నివేదికలో 4 నుంచి 12వ తరగతి వరకు రచనా బోధనపై జరిగిన అధ్యయనాలను సమీక్షించారు. ప్రణాళిక వేసుకోవడం, తిరిగి సరిచూసుకోవడం వంటి వ్యూహాలను స్పష్టంగా నేర్పినప్పుడు రచన మీద కనిపించిన సగటు ప్రభావ పరిమాణం 0.82. పిల్లలు కలిసి రాసుకుని ఒకరికొకరు సాయపడినప్పుడు 0.75. నమూనాలను అధ్యయనం చేయించినప్పుడు 0.25. వ్యాకరణాన్ని రచనతో సంబంధం లేకుండా విడిగా బోధించిన సందర్భాల్లో ఫలితం ప్రతికూలంగా, –0.32గా కనిపించింది. ఇవి ప్రధానంగా ఆంగ్లంలో రాసే పిల్లలపై జరిగిన అధ్యయనాలు. ఈ అంకెలను తెలుగు తరగతికి యథాతథంగా అన్వయించకూడదు. అయినా పూర్తయిన వ్యాసాన్ని చూపడం కంటే, వ్యాసం రాసే తీరును చూపడం మేలన్న సూచనను తోసిపుచ్చడానికి మనకు కారణమేమీ లేదు.

ఇక చట్రం సంగతి. మొదట్లో ఇది నిజంగా ఆసరాయే. ఏం చెప్పాలో తెలిసి ఎలా పేర్చాలో తెలియని పిల్లవాడికి మూడు అరలు దొరుకుతాయి. చిక్కు ఎక్కడంటే ఆరో తరగతిలో ఇచ్చిన మూడు అరలు పదో తరగతిలోనూ అలాగే ఉంటాయి. ఏ విషయమైనా ‘ప్రాచీన కాలం నుంచి’ అని మొదలవుతుంది. లాభాలు, నష్టాలు వస్తాయి. ‘కాబట్టి మనమందరం’ అని ముగుస్తుంది. అరల్లో పట్టని ఆలోచన వచ్చినా పిల్లవాడు దాన్ని బయటే వదిలేస్తాడు. అమెరికాలో ‘అయిదు పేరాల వ్యాసం’ మీద అక్కడి అధ్యాపకులు చేసే విమర్శ కూడా ఇటువంటిదే.

కార్ల్ బెరీటర్, మార్లీన్ స్కార్డమాలియా 1987లో ప్రచురించిన గ్రంథంలో రచనలో రెండు తీరులను వేరుచేశారు. తెలిసిన సంగతులను గుర్తుకు వచ్చిన వరసలో చెప్పుకుపోవడం ఒక తీరు. రాస్తూ రాస్తూ తనకు తెలిసినదాన్నే కొత్తగా అర్థం చేసుకోవడం రెండో తీరు. శాశ్వతంగా మిగిలిన చట్రం పిల్లవాణ్ణి మొదటి తీరులోనే ఉంచేస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. ఉక్తలేఖనానికీ స్వీయరచనకూ మధ్య ఉన్న ఖాళీ ఏమిటి? అయిదు వాక్యాల్లో రాయండి.
2. నమూనా వ్యాసం వల్ల ఒక మేలు, ఒక పరిమితి పేర్కొనండి.

5. తరగతి గదిలో: ఒక ఉదాహరణ

ఇప్పుడు ఒక పాఠాన్ని ఊహించుకుందాం. ఎనిమిదో తరగతి. అంశం ‘మా ఊరి సంత’. సాధారణంగా ఉపాధ్యాయుడు అంశాన్ని నల్లబల్ల మీద రాసి ‘రేపటికి రాసుకుని రండి’ అంటాడు. ఒక విద్యార్థి ఇలా రాశాడనుకోండి:

‘సంతలో కూరగాయలు ఉంటాయి. బట్టలు ఉంటాయి. గాజులు ఉంటాయి. జనం ఎక్కువ ఉంటారు. సంత మనకు చాలా ఉపయోగం.’

తప్పులు లేవు. అయినా ఇందులో ఆ పిల్లవాడు లేడు, వాళ్ళ ఊరూ లేదు. ఏ ఊరి సంతకైనా ఈ అయిదు వాక్యాలు సరిపోతాయి. బెరీటర్, స్కార్డమాలియా చెప్పిన మొదటి తీరు ఇదే.

ఇదే పాఠాన్ని అయిదు పీరియడ్లలో ఆసరాతో నడిపితే ఎలా ఉంటుందో చూద్దాం. మొదటి పీరియడులో రాత లేదు, మాటలే. సంతకు ఎవరెవరు వస్తారు, ఎప్పుడు కిక్కిరుస్తుంది, బేరం ఎలా ఆడతారు అని పిల్లలు చెబుతుంటే ఉపాధ్యాయుడు మాటలను బల్ల మీద రాస్తాడు. గంప, తట్ట, తూకం, చిల్లర వంటి మాటలు పిల్లల నోటినుంచే వస్తాయి.

రెండో పీరియడులో ఉపాధ్యాయుడు అందరి ముందూ రాస్తాడు. ‘మా ఊరి సంత చాలా బాగుంటుంది’ అని రాసి ఆగుతాడు. ‘బాగుంటుంది అంటే చదివేవాళ్ళకు ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించడం లేదే’ అని పైకే అనుకుంటాడు. ఆ వాక్యం కొట్టేసి, ‘తెల్లవారేసరికే టమాటా గంపలతో ఆటోలు వచ్చి రావిచెట్టు కింద ఆగుతాయి’ అని రాస్తాడు. ఈ కొట్టివేత పాఠంలో ముఖ్యమైన ఘట్టం. రాసినదాన్ని కొట్టివేయడం చేతకానితనం కాదనీ, అది రాతలో భాగమనీ పిల్లలు కళ్ళతో చూస్తారు.

మూడో పీరియడులో తరగతి మొత్తం కలిసి ఒక పేరా కడుతుంది. వాక్యాలు పిల్లలవి. ఏ వాక్యం ముందు, ఏది తరవాత అన్న చర్చను ఉపాధ్యాయుడు నడుపుతాడు. నాలుగో పీరియడులో ఇద్దరిద్దరు చొప్పున చిత్తు రాస్తారు. వారి చేతిలో నాలుగు ప్రశ్నలున్న చీటీ ఉంటుంది: ఎవరికి చెబుతున్నాను? సంత చూడనివాళ్ళకు ఏది కొత్తగా ఉంటుంది? నేను స్వయంగా చూసినది ఏది? ఇది ఎందుకు ఇలా జరుగుతుంది? అయిదో పీరియడులో ఎవరికి వారు సొంత రచన రాసి, చదువుకుని, సాపు ప్రతి తయారుచేస్తారు.

మనం చూసిన ఆ విద్యార్థిని ‘నువ్వు సంతకు ఎవరితో వెళ్తావు? వాళ్ళు మొదట ఏం చేస్తారు?’ అని అడిగితే అతని రాత ఇలా మారవచ్చు:

‘మా అమ్మ సంతకు పోగానే కూరగాయలు కొనదు. ముందు ఒక చుట్టు తిరిగి అన్నిచోట్లా ధర అడుగుతుంది. పొద్దుగూకే వేళకు టమాటా ధర తగ్గుతుందని ఆమెకు తెలుసు. అందుకే మేము ఎప్పుడూ చివర్లో కొంటాం.’

రెండు పేరాలనూ పోల్చండి. రెండోదానిలో అలంకారాలు లేవు, పెద్ద మాటలు లేవు. కాని కారణం ఉంది, కాలం ఉంది, ఒక మనిషి తెలివి ఉంది. ‘అందుకే’ అన్న ఒక్క మాట విడివిడి వాక్యాలను ఆలోచనగా మార్చింది. ఉపాధ్యాయుడు ఒక్క వాక్యం కూడా అందివ్వలేదు. ప్రశ్న మాత్రమే అందించాడు. సాయానికీ, పిల్లవాడి పని మనం చేసిపెట్టడానికీ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది.

అసలు పరీక్ష దీని తరవాత వస్తుంది. తరవాతి అంశానికి చీటీలో రెండు ప్రశ్నలే ఉండాలి. ఆ పై అంశానికి చీటీ ఉండదు, పిల్లలే తమ ప్రశ్నలు రాసుకుంటారు. ఏడాది చివర కూడా అదే నాలుగు ప్రశ్నల చీటీ అందరి చేతుల్లోనూ ఉంటే, మనం గైడును తీసేసి దాని స్థానంలో మరో గైడును పెట్టినట్టే. స్లాబు కింద సెంట్రింగు తొందరపడి విప్పితే స్లాబు కూలుతుంది. విప్పకుండా వదిలేస్తే ఆ ఇంట్లో ఎవరూ కాపురం ఉండలేరు. ఎవరికి ఎప్పుడు విప్పాలో తెలుసుకోవడమే ఉపాధ్యాయుని నైపుణ్యం.

6. దిద్దుబాటు: ఎర్రసిరా చేసే పని

సాయం అంతా దిద్దుబాటు దగ్గర వృథా కావచ్చు. పేజీనిండా ఎర్రసిరా గుర్తులున్న పుస్తకం తిరిగి అందుకున్న పిల్లవాడు మూడు పాఠాలు నేర్చుకుంటాడు: తక్కువ రాస్తే తక్కువ తప్పులు, తెలిసిన మాటలే వాడితే క్షేమం, గైడులోది రాస్తే ఇంకా క్షేమం. ఇది పిరికితనం కాదు, తెలివైన నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకునేలా చేసింది మనమే.

దీనికి బదులు ఒక్కో రచనలో ఒకటి రెండు విషయాల మీదే వ్యాఖ్య చేయడం మంచిది. మొదటి చిత్తుకు విషయం గురించి, రెండోదానికి వరస గురించి, సాపు ప్రతికి ముందు అక్షర దోషాల గురించి చెప్పాలి. ఒత్తులు, దీర్ఘాలు ముఖ్యం కాదని కాదు. ఇంకా మారబోయే వాక్యంలో దీర్ఘం దిద్దడం వల్ల ప్రయోజనం తక్కువ. నలభై పుస్తకాలు చూసే ఉపాధ్యాయునికి కూడా ఈ పద్ధతిలో భారం తగ్గుతుంది.

7. పిల్లవాడి భాష: తొలి ఆసరా

తెలుగువారికి ఈ చర్చ కొత్తది కాదు. విద్యార్థులు తెలుగు వ్యాసరచన ఏ భాషలో చేయాలన్న ప్రశ్న మీదనే 20వ శతాబ్దపు రెండో దశకంలో మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద వివాదం నడిచింది. గిడుగు రామమూర్తి (1863–1940) వాడుకభాష పక్షాన నిలిచాడు. తెలుగు వ్యాసరచన ఉపసంఘం నివేదికతో విభేదిస్తూ గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రం రాశాడు. మనం వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య చరిత్రలో చదువుకుంటాం. అది బడిపిల్లల రాతకు సంబంధించిన ఉద్యమం కూడా అని మరిచిపోతాం.

గ్రాంథికం నిలిచిపోయినా ఆ సమస్య పూర్తిగా తీరలేదు. ఇవాళ్టి పిల్లవాడు ‘పోయినం’ అని రాసినా, ‘ఎల్లినాం’ అని రాసినా ఎర్రసిరా పడుతుంది. ప్రామాణిక భాష నేర్పవద్దని నేను అనడం లేదు. దరఖాస్తుకు, పరీక్షకు, పత్రికకు అది కావాలి. కాని చిత్తుప్రతిలో ఇంటి భాషను అనుమతించి, సాపు ప్రతిలో అవసరమైన చోట ప్రామాణిక రూపాన్ని పక్కన పెట్టి చూపితే, పిల్లవాడికి రెండూ దక్కుతాయి. మొదటి వాక్యంలోనే నోరు నొక్కితే రెండో వాక్యం రాదు. గిడుగు సవరల కోసం వారి భాషలోనే వాచకాలు తయారుచేయడం వెనక ఉన్న వివేకం ఇదే: తెలిసిన భాష నుంచే తెలియనిదానికి దారి వేయాలి.

8. అభ్యంతరాలు – సమాధానాలు

మొదటి అభ్యంతరం: ఒక్క అంశానికి అయిదు పీరియడ్లు ఇస్తే సిలబస్ పూర్తికాదు. ఇది నిజమైన ఇబ్బందే. అయితే ఏడాదికి ఇరవై వ్యాసాలు ఎక్కించడం కంటే అయిదు రచనలను ఈ విధంగా నడపడం మేలు. అంశాలను పాఠాల నుంచే తీసుకుంటే సిలబస్‌కు అదనపు భారం ఉండదు.

రెండో అభ్యంతరం: పరీక్ష మారకుండా బోధన మారదు. ఇందులో చాలా సత్యముంది. గైడు జవాబుకూ సొంత జవాబుకూ ఒకే మార్కులు వచ్చినంత కాలం, సొంతంగా రాసినవాడు నష్టపోతాడు. ఈ భాగంలో ఉపాధ్యాయుడు ఒక్కడే చేయగలిగింది పరిమితం. మూల్యాంకనం చేసేవారు సొంత పరిశీలన ఉన్న జవాబును గుర్తించి మార్కులివ్వాలి. ఆసరా పద్ధతిని ఎంత పొగిడినా ఈ లోటు తీరదన్నది ఒప్పుకోవాలి.

మూడో అభ్యంతరం: ఏ ఆసరా లేకుండానే గొప్ప రచయితలు వచ్చారు కదా. వారికి ఆసరా లేదనడం సరికాదు. విస్తారమైన పఠనం, ఇంట్లో కథలు, చదివి మెచ్చుకున్న మిత్రులు కనిపించని ఆసరాలే. అవి అందరికీ అందవు కాబట్టే బడి వాటిని ఏర్పాటు చేయాలి.

9. సారాంశం

మన రచనా బోధనలో చూచిరాత, ఉక్తలేఖనం ఒక వైపు, స్వీయరచన మరో వైపు ఉన్నాయి. మధ్య దశ లేకపోవడంతో ఆ స్థానాన్ని గైడు ఆక్రమించింది. ఆసరా అన్న భావన ఈ ఖాళీని పూడ్చగలదు కాని, అది పుట్టిన సందర్భం వేరు కాబట్టి మార్పులతోనే స్వీకరించాలి. ఏ సాయాన్నయినా మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు: ఆలోచించే పని ఎవరు చేస్తున్నారు? సాయం ఈ పిల్లవాడి అవసరానికి తగినదా, అందరికీ ఒకటేనా? దాన్ని తీసే రోజు ఎప్పుడని ముందే అనుకున్నారా?

ఈ ప్రశ్నలు బడిపిల్లలకే కాదు, దూరవిద్యలో చదువుతున్న మీకూ వర్తిస్తాయి. ఈ పాఠం కూడా మీకు ఒక ఆసరాయే. మీ అసైన్‌మెంటులో ఇందులోని వాక్యాలను ఎత్తి రాస్తే ఇది పందిరిగా మిగిలిపోతుంది. పుస్తకం మూసి, మీ ఊరి బడిలో మీరు చూసినదాన్ని ఇందులోని వాదనతో పోల్చి, ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోవడం లేదో రాస్తే, పరంజా తీసివేసినట్టవుతుంది.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. రచనా బోధనలో ఆసరా భావన ప్రయోజనాలను, పరిమితులను విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. మీకు తెలిసిన ఒక అంశాన్ని తీసుకుని, దానిపై స్వీయరచనకు పిల్లలను సిద్ధం చేసే అయిదు పీరియడ్ల ప్రణాళిక తయారుచేయండి. ఏ సాయాన్ని ఎప్పుడు తీసివేస్తారో స్పష్టంగా తెలపండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. వ్యాస చట్రం ఎప్పుడు ఆసరా అవుతుంది, ఎప్పుడు అడ్డంకి అవుతుంది?
2. చిత్తుప్రతిలో పిల్లల ఇంటి భాషను అనుమతించడం మీద మీ అభిప్రాయం కారణాలతో రాయండి.